తవ్వకానికి ముందు ఒక ఏడాది నీళ్ళు కొలవండి: హైదరాబాద్ మెట్రో అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్ మెట్రో రెండో దశ చూస్తున్న అధికారులకు, దానికి పర్యావరణ నివేదికలు రాసే కన్సల్టెంట్లకు,

నమస్కారం.

నేను ఇరవై రెండేళ్ళు మట్టి పరీక్షల ల్యాబులో పనిచేశాను. సైటుకి వెళ్ళి బోర్లు వేయించడం, పైకి వచ్చిన రాతి ముక్కల్ని వరసగా పెట్టెలో పేర్చడం, ఎంత లోతు దాకా మొరం, ఎక్కణ్ణుంచి మెత్తబండ, ఎక్కడ గట్టి రాయి తగిలింది అని రాసుకోవడం నా ఉద్యోగం. మీ ఇంజనీర్లకు డిజైను చెప్పేంతవాణ్ణి కాను. కానీ ఈ ఊరి నేల కింద ఏముందో కొన్ని వందల చోట్ల చేత్తో పట్టుకుని చూశాను. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి దశలో వేసిన 69 కిలోమీటర్లూ, 57 స్టేషన్లూ పిల్లర్ల మీదే ఉన్నాయి. సుల్తాన్ బజార్ దగ్గరా, అసెంబ్లీ దగ్గరా భూమి లోపలినుంచి తీసుకెళ్ళాలని 2014లో గట్టి చర్చే నడిచింది గానీ చివరికి అక్కడా పైనే వచ్చింది. 2024 నవంబరులో కేంద్రానికి పంపిన రెండో దశ డీపీఆర్‌లో (వివరమైన ప్రాజెక్టు నివేదికలో) మొత్తం 76.4 కిలోమీటర్లు, ఐదు కారిడార్లు ఉన్నాయి. అందులో నాగోలు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళే 36.8 కిలోమీటర్ల లైను, విమానాశ్రయం దగ్గర సుమారు 1.6 కిలోమీటర్లు నేల లోపలికి దిగుతుంది. అక్కడి స్టేషనూ నేల లోపలే. మొత్తం ప్రాజెక్టుతో పోలిస్తే అది చిన్న ముక్క. అయినా ఈ నగరం కట్టబోయే మొదటి భూగర్భ మెట్రో స్టేషను అదే. దాని నివేదిక ఎలా రాస్తారో, రేపు ఇంకెక్కడ నేల కిందికి దిగాల్సి వచ్చినా అదే నమూనా అవుతుంది. పాత ఫైలు తీసి పేర్లు మార్చి పెట్టే అలవాటు మన ఆఫీసుల్లో ఎంత బలమైనదో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే మొదటి ఫైలు సరిగ్గా ఉండాలి.

నేను అడిగేది ముఖ్యంగా ఒక్కటే. గుంత తవ్వడం మొదలుపెట్టే ముందు, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పూర్తిగా కలిసేలా, కనీసం ఏడాది పాటు చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో, కుంటల్లో నీటిమట్టం కొలవండి. ఆ అంకెల్ని ఏ నెలకానెల జనం ముందు పెట్టండి.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మలక్‌పేట వెనక మా పాత ఇంట్లో చేదబావి ఉండేది. ఇంటికి నల్లా వచ్చాక కూడా మా అమ్మ గిన్నెలకీ, బట్టలకీ, మొక్కలకీ ఆ నీళ్ళే వాడేది. చేదతాడుకి మూర మూరకీ ఒక గుడ్డపీలిక కట్టుకుంది. పాత చీరల అంచులు, ఒక్కో పీలిక ఒక్కో రంగు. తాడు వదులుతూ ఎన్ని పీలికలు గిలక దాటాయో లెక్కపెట్టేది. "ఉగాదికి ఇరవై రెండు మూరలు, వినాయక చవితికి తొమ్మిది" అని ఆమె నోటిలెక్క. వానలు సరిగ్గా పడని ఏడు ఒకటి రెండు మూరలు తేడా వచ్చేది, అంతే.

పక్క ప్లాటులో అపార్టుమెంటు కోసం మూడు అంతస్తుల సెల్లారు తవ్వారు. గుంతలోకి ఊరే నీళ్ళను మోటార్లు పెట్టి రాత్రింబగళ్ళు నాలాలోకి తోడారు. మూడో వారంలో ఒక పొద్దున చేద అడుక్కి వెళ్ళి రాయికి కొట్టుకున్న చప్పుడు వంటింటి దాకా వినపడింది. పైకి లాగితే అడుగున ఇంత బురద. ఆ తర్వాత నెల తిరక్కుండానే మెట్ల పక్క గోడ బీటవారింది.

ఫిర్యాదు పెట్టాం. ఒక ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. బావిలోకి తొంగి చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఇంతకుముందు ఎంత లోతులో ఉండేవమ్మా నీళ్ళు?" అమ్మ తాడు తెచ్చి పీలికలు చూపించింది. ఆయన మర్యాదగానే చెప్పారు, "ఇది రికార్డు కాదు కదమ్మా." బిల్డరు మనిషి ఎండాకాలం కదా, అన్ని బావులూ ఎండుతున్నాయి అన్నాడు. కాదని రుజువు చేయడానికి మా చేతిలో కాగితం ముక్క లేదు. ఊళ్ళో అందరి బోర్లలో నీటిమట్టం రాసే నేను మా ఇంటి బావిలోకి ఒక్కసారైనా టేపు దించి రాసిపెట్టలేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ అధికారి మీద నాకు కోపం లేదు. ఆయన సరైన ప్రశ్నే అడిగారు. ఇంతకుముందు ఎంత ఉండేది? పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేయడం అంటే ముందుగా ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసి పెట్టుకోవడం. పని మొదలయ్యాక పెట్టే పీజోమీటరుకు, అంటే నేల కింది నీటిమట్టం కొలిచే గొట్టానికి, ఆ జవాబు తెలియదు. అప్పటికే మోటార్లు నడుస్తుంటాయి.

"మనది గట్టి రాయి, కలకత్తాలాంటి ఒండ్రు నేల కాదు, నీళ్ళ సమస్య రాదు" అనే మాట నేను చాలా మీటింగుల్లో విన్నాను. నిజమే, 2019 ఆగస్టు 31న కలకత్తా బౌబజార్‌లో జరిగినట్టు ఇక్కడ జరగకపోవచ్చు. అక్కడ సొరంగం తవ్వే యంత్రం నీళ్ళున్న పొరను తాకింది. నీళ్ళూ మట్టీ కలిసి సొరంగంలోకి వచ్చేశాయి. పైన దుర్గా పితురి లేన్‌లో పాత ఇళ్ళు కూలాయి, వందల మంది కట్టుబట్టలతో హోటళ్ళకు వెళ్ళాల్సి వచ్చింది. 2022లో అదే బౌబజార్‌లో మళ్ళీ రెండుసార్లు ఇళ్ళు బీటలిచ్చాయి. మన రాయి అలా జారిపోదు. కానీ మన రాయి ఇంకోరకంగా దెబ్బతీస్తుంది.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. పైన కొద్దిగా మట్టి, మొరం, దాని కింద చేత్తో నలిపితే పొడయ్యే మెత్తబండ, ఆ కింద గట్టి రాయి. గట్టి రాయి గర్భంలో నీళ్ళు ఉండవు. ఉండేదంతా మెత్తబండలోనూ, గట్టి రాతి పగుళ్ళలోనూ. ఒకరింట్లో 200 అడుగులకే బోరు పడుతుంది, గోడవతల ఇంటాయన వెయ్యి అడుగులు వేసినా దుమ్మే లేస్తుంది. కారణం అదే. పగులు ఎటు పోతే నీళ్ళు అటు పోతాయి. కాబట్టి మ్యాపు మీద స్టేషను చుట్టూ ఒక వృత్తం గీసి, ఇంతవరకే ప్రభావం అని రాయడం మన నేలకు కుదరదు. ముప్పై మీటర్ల దూరంలో ఉన్న బోరు చెక్కుచెదరకుండా ఉండి, అర కిలోమీటరు అవతలి బావి ఎండిపోవచ్చు. ఏ పగులు ఏ బావికి తగులుతుందో తెలియాలంటే కొలిచి చూడటమే దారి.

ఇక్కడ మీ కన్సల్టెంట్లకు ఒక మాట. బోరు వేసేటప్పుడు బిట్టు వేడెక్కకుండా పైపులోకి నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళు రాతిపొడి కలుపుకుని బూడిదరంగులో తిరిగి పైకి వస్తూ ఉంటాయి. ఒక్కోసారి ఉన్నట్టుండి రావడం ఆగిపోతాయి. "నీళ్ళు పోయినయ్ సార్" అంటాడు డ్రిల్లరు. అంటే ఆ లోతులో పగులు ఉంది, అందులోకి నీళ్ళు వెళ్ళిపోతున్నాయి. నా దృష్టిలో మొత్తం బోరులో అంతకన్నా విలువైన సమాచారం లేదు. నీళ్ళు అటు పోగలిగితే, రేపు గుంత తవ్వాక అదే దారిన ఇటు రాగలవు. కానీ ఆ మాట సైటు నోటుబుక్కులో ఒక మూల ఉంటుంది. ఫైనల్ రిపోర్టులో రాయి బలం వస్తుంది, ముక్కల నిడివి శాతం వస్తుంది, ఆ నోటు రాదు. పునాది డిజైను చేసేవాళ్ళకు దాంతో పెద్దగా పని లేదు, పర్యావరణ నివేదిక రాసేవాళ్ళు ఆ రాతి ముక్కల పెట్టెలు తెరిచి చూడరు. ఇద్దరి మధ్య అది జారిపోతుంది. దయచేసి ఈసారి మట్టి పరీక్షలు చేసేవాళ్ళనూ, పర్యావరణ నివేదిక రాసేవాళ్ళనూ ఒకే గదిలో, ఆ పెట్టెల ముందు కూర్చోబెట్టండి. ఒక్క పూట చాలు.

గట్టి రాతిలో ఏం జరుగుతుందో నార్వే చూసింది. ఓస్లో నగరం నుంచి విమానాశ్రయానికి వేసిన రైలు మార్గంలో రొమెరిక్స్‌పోర్టెన్ అనే సొరంగం ఉంది, 14 కిలోమీటర్లు దాటిన పొడవు. అది కూడా ఎయిర్‌పోర్టు లైనే, అక్కడా గట్టి రాయే. 1997లో సొరంగంలోకి నీళ్ళు కారి, పైన అడవిలో ఉన్న ఒక చిన్న చెరువు నీటిమట్టం పడిపోయింది, చుట్టూ నేల కుంగింది. విమానాశ్రయం 1998లో తెరుచుకుంటే సొరంగం తయారయ్యేసరికి 1999 అయింది. అదే కాలంలో పక్క దేశం స్వీడన్‌లో హాలండ్‌సోస్ రైలు సొరంగంలో పగుళ్ళు పూడ్చడానికి రోకా-గిల్ అనే రసాయనం ఎక్కించారు. అందులోని అక్రిలమైడ్ వాగులోకి చేరింది. చేపలు చచ్చాయి, ఆ నీళ్ళు తాగిన ఆవులు కాళ్ళు పడిపోయి కూలబడ్డాయి. 1997 అక్టోబరులో పని ఆపేశారు. 1992లో మొదలైన ఆ సొరంగంలో రైలు నడిచింది 2015 డిసెంబరులో. ఆ రెండు దేశాలకూ డబ్బు లేకనో, ఇంజనీర్లు లేకనో జరిగింది కాదు. పగుళ్ళలో నీళ్ళ సంగతిని తక్కువగా లెక్కేశారు.

పగుళ్ళు పూడ్చడానికి మీరూ ఏదో ఒకటి ఎక్కిస్తారు. సిమెంటా, రసాయనమా? రసాయనమైతే పేరేమిటి, నీళ్ళలో ఎన్నాళ్ళకు కరిగిపోతుంది? నివేదికలో ఇది రాయండి. "అవసరాన్ని బట్టి తగిన గ్రౌటింగ్ చేస్తాం" అనే వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇంకో సంగతి, దీన్ని నేను ఏ నివేదికలోనూ సరిగ్గా చూడలేదు. తవ్వేటప్పుడు నీళ్ళు తోడటం తాత్కాలికం. కట్టాక స్టేషను శాశ్వతం. రెండు వందల మీటర్ల పొడవున, మెత్తబండను పూర్తిగా కోసుకుంటూ గట్టి రాతిలోకి దిగిన కాంక్రీటు పెట్టె అది. నేల కింద నీళ్ళు పల్లానికి నడిచే దారికి అడ్డంగా పడితే ఆనకట్టలాగే పనిచేస్తుంది. ఎగువ వైపు మట్టం పెరిగి బేస్‌మెంట్లు చెమ్మగిల్లుతాయి, దిగువ వైపు కుంటకు ఊట తగ్గిపోతుంది. వాననీళ్ళు కుంటలోకి వస్తూనే ఉంటాయి కాబట్టి మొదటి రెండేళ్ళూ ఎవరికీ తెలియదు. మూడో ఏడు సంక్రాంతికే కుంట అడుగు కనపడుతుంది. అప్పుడు స్టేషను మీద అనుమానం ఎవరికొస్తుంది? పెట్టె కిందనుంచో, పక్కనుంచో కంకర నింపిన కాలువ పెట్టి నీళ్ళకు దారి వదలొచ్చు. డిజైను దశలోనే అనుకుంటే అది పెద్ద ఖర్చు కాదు. కట్టాక చేయడం దాదాపు అసాధ్యం.

శంషాబాద్ విషయంలో ఇది ఊహాగానం కాదు. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ జలాశయాల్లోకి నీళ్ళు చేరే నేలలో కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో తెచ్చిన జీవో 111లోని 84 ఊళ్ళలో శంషాబాద్ మండలానివి చాలా ఉన్నాయి. 2022లో ఆ ఆంక్షలు సడలించారు. జీవోలు మారినా నేల వాలు మారదు.

చట్టం ఏమంటుందో నాకు తెలుసు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ షెడ్యూల్‌లో రైల్వే లైన్లు గానీ, మెట్రో లైన్లు గానీ లేవు. గనికీ, సిమెంటు ఫ్యాక్టరీకీ జరిగే ప్రజాభిప్రాయ సేకరణ మెట్రో లైనుకు తప్పనిసరి కాదు. అప్పు ఇచ్చే విదేశీ బ్యాంకులు అడుగుతాయి కాబట్టి నివేదికలు తయారవుతాయి. అంటే ఆ నివేదికను శ్రద్ధగా చదివేది ఎక్కడో ఉన్న బ్యాంకువాళ్ళు. బావి ఎండితే కడవ పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడేది ఇక్కడివాళ్ళు. చట్టం అడగకపోయినా మీరు ఆ నివేదికను తెలుగులో, పది పేజీల్లో, చుట్టుపక్కల ఊళ్ళ పంచాయతీ ఆఫీసుల్లో, మునిసిపల్ ఆఫీసుల్లో పెట్టండి. అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేరు. భూగర్భ జల శాఖ నెలనెలా తన పీజోమీటర్లలో మట్టాలు కొలుస్తూనే ఉంది. మీ కొలతలు వాళ్ళ చేత సరిచూపించుకోండి.

కొలవడం ఒక ఎత్తు, కొలిచిన అంకె చూసి పని ఆపడం ఇంకో ఎత్తు. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో కోసం తవ్విన 30 మీటర్లు దాటిన లోతు గుంత కూలింది. ఆరు లైన్ల రోడ్డు దాంతో పాటే కిందికి పోయింది. నలుగురు చనిపోయారు. వాళ్ళలో ఒక ఫోర్‌మ్యాన్, కింద ఉన్న తన కూలీలను ముందు పైకి పంపించి తాను రాలేకపోయాడు. ఆయన శరీరం దొరకలేదు. అక్కడ పరికరాలు లేవా అంటే, ఉన్నాయి. గోడ ఎంత వంగుతోందో అవి చెబుతూనే వచ్చాయి. రీడింగు హద్దు దాటినప్పుడల్లా మళ్ళీ లెక్కలు కట్టి హద్దునే పెంచుకుంటూ పోయారు. డిజైనులో మొదటే తప్పుందని విచారణ కమిషన్ తేల్చింది. హెచ్చరికల్ని పట్టించుకోలేదని కూడా తేల్చింది.

అందుకని మీ నివేదికలో మూడు అంకెలు ముందే రాసి పెట్టండి. ఏ బావిలో మట్టం ఎంత పడితే గమనించాలి, ఎంత పడితే తోడటం తగ్గించాలి, ఎంత పడితే పూర్తిగా ఆపాలి. ఆపే అధికారం కాంట్రాక్టరు జీతం ఇచ్చే మనిషి చేతిలో ఉండకూడదు. ఆ హద్దు మార్చాలంటే కారణం రాసి, సంతకం పెట్టి, అందరికీ కనిపించేలా మార్చాలి. రాత్రి రెండింటికి రీడింగు హద్దు దాటితే ఎవరికి ఫోను వెళుతుంది, ఆయన ఎత్తకపోతే ఎవరికి వెళుతుంది? నేను సైట్లలో చూసినంతవరకు ఈ చిన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం వల్లే చాలా టెన్షన్లు పుట్టాయి.

బండ పేల్చడం గురించి ఎక్కువ చెప్పను, దానికి స్పష్టమైన హద్దులు ఇప్పటికే ఉన్నాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, ఇతరుల ఇళ్ళ దగ్గర నెమ్మదిగా ఊగే కంపనాల వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, పాత చారిత్రక కట్టడాల దగ్గర 2 మిల్లీమీటర్లే. పేల్చిన ప్రతిసారీ రీడింగు తీసి ఆ సాయంత్రమే బోర్డు మీద రాయండి. పేల్చడానికి ముందే చుట్టుపక్కల ఇళ్ళ గోడలు ఫోటోలు తీసి, ఇంటివాళ్ళ సంతకంతో ఒక కాపీ వాళ్ళకే ఇవ్వండి. ఉన్న బీటను కొత్త బీట అనకుండా, కొత్త బీటను పాతది అనకుండా రెండు పక్షాలకూ రక్షణ. రాత్రి చప్పుడుకు, గాలిలో దుమ్ముకు కూడా నియమాలున్నాయి, వాటిని పాటిస్తే చాలు.

తవ్విన రాయి ఎక్కడికి పోతుంది అన్న విషయం మాత్రం వివరంగా మాట్లాడాలి.

చిన్న లెక్క వేస్తాను. స్టేషను గుంత 200 మీటర్ల పొడవు, 22 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల లోతు అనుకుందాం. సుమారు 79 వేల ఘనపు మీటర్లు. రాయి పగలగొడితే ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది, అంటే దాదాపు లక్షా 19 వేలు. టిప్పరుకు 12 ఘనపు మీటర్ల చొప్పున దగ్గర దగ్గర పదివేల ట్రిప్పులు. పది నెలల్లో తవ్వితే రోజుకు ముప్పై మూడు టిప్పర్లు నిండుగా వెళ్ళాలి, ముప్పై మూడు ఖాళీగా తిరిగి రావాలి. ఇది ఒక్క స్టేషను లెక్క, సొరంగం మట్టి వేరే.

ఈ ఊళ్ళో రాత్రిపూట మట్టి టిప్పర్లు ఎటు పోతాయో అందరికీ తెలుసు. ట్రిప్పు దూరం తగ్గితే డీజిలు మిగులుతుంది, డ్రైవరుకు ఇంకో ట్రిప్పు దొరుకుతుంది. దగ్గర్లో ఖాళీగా, చీకటిగా, అడిగేవాడు లేకుండా ఉండేది చెరువు శిఖం. ఒక మూల నుంచి మొదలుపెడతారు. తెల్లారేసరికి కుప్ప, వారానికి చదును, ఏడాదికి ప్లాట్లు. చెరువులు ఎలా పోయాయో చెప్పడానికి హైదరాబాదుకు వేరే పాఠం అక్కర్లేదు. ఆక్రమణలు తొలగించడానికి 2024లో హైడ్రా పెట్టుకున్నాం. ఒక ప్రభుత్వ సంస్థ గుంతలోంచి తీసిన రాయి ఇంకో ప్రభుత్వ సంస్థ కాపాడుతున్న చెరువులో పడితే ఎవరి మొహం చూడాలి?

కాబట్టి "తవ్విన మట్టిని నిర్దేశిత ప్రదేశాలకు తరలిస్తాం" అని రాసి వదిలేయకండి. ఆ ప్రదేశాల సర్వే నంబర్లు రాయండి. అక్కడ ఎన్ని ఘనపు మీటర్లు పడుతుందో రాయండి. గట్టి గ్రానైటు చెత్త కాదు, క్రషర్‌కు పంపితే కంకర, రోబో ఇసుక అవుతుంది, మీ పిల్లర్లకే పనికొస్తుంది. ఎంత శాతం అలా వాడతారో ముందే చెప్పండి. కాంక్రీటు, ఇటుక ముక్కల కోసం జీడిమెట్లలో, ఫతుల్లగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి. ప్రతి టిప్పరుకూ జీపీఎస్ పెట్టి, గేటు దాటిన టైమూ, దింపిన చోటూ వెబ్‌సైటులో పెట్టండి. టిప్పరు ఓనరుకు డబ్బు కిలోమీటరు లెక్కన కాకుండా, దింపాల్సిన చోట తూకం రశీదు చూపించాకే ఇవ్వండి. బిల్లు ఆగితే తప్పు ఆగుతుంది, నేను సైట్లలో చూసిన సత్యం అది.

ఇక వాన. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13 రాత్రి పాతబస్తీ నుంచి ఎల్బీనగర్ దాకా కాలనీలు మునిగాయి. చైనాలోని ఝెంగ్‌ఝౌలో 2021 జులై 20 సాయంత్రం ఒక్క గంటలో 20 సెంటీమీటర్ల వాన పడి, నీళ్ళు మెట్రో సొరంగంలోకి దూసుకొచ్చాయి. రైల్లో ఇరుక్కున్న 14 మంది చనిపోయారు. మన దేశంలో ముంబై ఆచార్య అత్రే చౌక్ భూగర్భ స్టేషను, తెరిచిన నెల కూడా కాకుండానే, 2025 మే 26 వానకు మునిగింది. ఇంకా పూర్తికాని ఒక ద్వారం వైపు నుంచి నీళ్ళు లోపలికి వచ్చాయి. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇలాంటి సగం కట్టిన దశలోనే. స్టేషను లోపలికి దిగే మెట్లకు ముందు రెండు మూడు మెట్లు పైకి ఎక్కేలా గడప పెట్టడం, చక్రాల కుర్చీకి ర్యాంపు కూడా అంతే ఎత్తుకు ఎక్కి దిగేలా చూడటం పెద్ద విద్య కాదు. ఆ గడప ఎత్తు ఏ వానను చూసి నిర్ణయించారో నివేదికలో రాయాలి. సగటు వర్షపాతం చూసి కాదు, ఆ 24 సెంటీమీటర్ల రోజు చూసి.

గుంతలో పనిచేసేవాళ్ళ గురించి కూడా రాయాలి. పర్యావరణం అంటే కంచెకు బయటిదే అనుకుంటారు. గ్రానైటును పొడిగా డ్రిల్ చేస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి కూర్చుంటే సిలికోసిస్. దానికి మందు లేదు. నాతో పనిచేసిన ఒక డ్రిల్లరు నలభై ఐదేళ్ళకే రెండంతస్తుల మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చునేవాడు. నీళ్ళు చల్లుతూ డ్రిల్ చేస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. పనిలో చేరిన రోజు ఒక ఎక్స్‌రే, వెళ్ళిపోయే రోజు ఒక ఎక్స్‌రే తీసి ఆ మనిషి చేతికే ఇవ్వండి. బిహార్ నుంచో, ఒడిశా నుంచో వచ్చి రెండేళ్ళు చేసి వెళ్ళిపోయే కూలీకి "ముందు ఎలా ఉండేది" అని చెప్పే కాగితం అదొక్కటే.

భూగర్భ స్టేషను కట్టొద్దని నేను అనడం లేదు. ఎయిర్‌పోర్టుకు రైలు రావాలి. కార్ల మీద ఆధారపడిన ఊరు ఎలా ఉక్కిరిబిక్కిరవుతోందో రోజూ చూస్తున్నాను. మీరు ఏడాది ఆలస్యమవుతుందని అంటారేమో. కాదు, టెండర్లు, భూసేకరణ, డిజైను ఒకపక్క నడుస్తుంటే కొలతలు ఇంకోపక్క నడవొచ్చు. ఒక బావికి నెలకు రెండుసార్లు టేపు దించడానికి పావుగంట పడుతుంది. నలభై బావులు, ఒక బండి, ఇద్దరు మనుషులు చాలు.

ఎక్కడ పాత చేదబావులు మిగిలాయో, ఏ కుంట ఏ నెలలో ఎండేదో ఆ ఊళ్ళలో ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళు మూరల్లో చెబుతారు, మెట్ల లెక్కలో చెబుతారు. అదీ రాసుకోండి, పక్కన మీటర్లలోకి మార్చి వాళ్ళకు చదివి వినిపించండి.

మొదటి రీడింగు తొలకరికి ముందే తీయాలి. నీళ్ళు అట్టడుగున ఉండేది అప్పుడే. అది తప్పిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. మనుషులు తక్కువైతే చెప్పండి, నేను వస్తాను. వంద మీటర్ల టేపు, చివర కట్టే ఇనుప గుండు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
మట్టి పరీక్షల ల్యాబు మాజీ ఉద్యోగి,
మలక్‌పేట, హైదరాబాద్